స్పర్శ్ పింఛను సేవ: ఢిల్లీ నిర్ణయం మాజీ సైనికుడి ఖాతాకు చేరేదాకా

రక్షణ శాఖ పింఛనును లెక్కగట్టి, మంజూరు చేసి, బ్యాంకు లెక్కలతో పనిలేకుండా నేరుగా పింఛనుదారు ఖాతాలో జమచేసే ఆన్‌లైన్ వ్యవస్థ పేరు స్పర్శ్. రక్షణ ఖాతాల విభాగం తరఫున ప్రయాగ్‌రాజ్‌లోని పింఛన్ల ప్రిన్సిపల్ కంట్రోలర్ కార్యాలయం దీన్ని నడుపుతోంది. 2021లో మొదలైన ఈ సేవలోకి తొలుత కొత్తగా రిటైరైనవారు వచ్చారు. అప్పటిదాకా బ్యాంకుల ద్వారా పింఛను తీసుకుంటున్న పాతవారిని ఆ తర్వాత విడతలవారీగా మార్చారు. ఆర్టిలరీలో హవల్దారుగా పనిచేసి రిటైరైన మా నాన్నగారు ఆ పాతవారిలో ఒకరు. ఆయన ఖాతాతో పాటు మా ఊళ్లోని మరికొందరు మాజీ సైనికులకూ, భర్తలు పోయి ఫ్యామిలీ పింఛను అందుకుంటున్న పెద్దవాళ్లకూ ఈ పోర్టల్ పనులు నేను చేసిపెడుతుంటాను. వాళ్ల అవసరాలను దృష్టిలో పెట్టుకుని ఈ సేవను సమీక్షిస్తున్నాను.

పింఛను స్లిప్పు మీద కనిపించే అంకెను కంప్యూటరు నిర్ణయించదు. ఏ సూత్రం ప్రకారం లెక్కకట్టాలి, ఏ తేదీ నుంచి ఇవ్వాలి, బకాయిలు ఎన్ని విడతల్లో చెల్లించాలి, ఎవరిని అర్హులుగా ఎంచాలి అన్నవన్నీ మంత్రివర్గంలోనూ, రక్షణ, ఆర్థిక శాఖల్లోనూ తేలే విషయాలు. అందుకే స్పర్శ్‌ను బేరీజు వేసేటప్పుడు రెండింటినీ విడదీసి చూడాలి. చెల్లింపు వ్యవస్థగా ఇది బ్యాంకుల కాలం కంటే మెరుగైనదని నా అభిప్రాయం. కానీ పాత రికార్డుల్లోని తప్పులను దిద్దుకునే భారాన్ని వయసు మళ్లిన పింఛనుదారుల మీద వదిలేసి, అంత తొందరగా వారిని ఇందులోకి మార్చడం పొరపాటు. ఆ తొందర కూడా పైస్థాయిలో తీసుకున్న నిర్ణయమే.

ఇంతకుముందు ఏం జరిగేదో తెలిస్తేగాని ఈ మార్పు విలువ అర్థం కాదు. ఆర్టిలరీ జవాను సర్వీసు కాగితాలన్నీ నాసిక్ రోడ్ క్యాంపులోని రికార్డు ఆఫీసులో ఉంటాయి. అక్కడి నుంచి కేసు అప్పటి అలహాబాదుకు వెళ్తే, పింఛను చెల్లింపు ఉత్తర్వు, అంటే అందరూ పీపీఓ అని పిలిచే కాగితం, తయారై బ్యాంకు పింఛను కేంద్రానికి వెళ్లేది. అక్కడి నుంచి డబ్బు ఊళ్లోని బ్రాంచికి వచ్చేది. కరువు భత్యం పెరిగినా, వేతన సంఘం సిఫారసులు అమలైనా, కొత్త పట్టిక చూసి ప్రతి ఖాతాకూ లెక్క మార్చవలసింది బ్యాంకే. సైన్యం ర్యాంకులు, చేసే పనిని బట్టి జవాన్లను విభజించే గ్రూపులు, పింఛనుకు లెక్కలోకి వచ్చే అర్హతా సర్వీసు, అంగవైకల్య భాగం వంటివి బ్యాంకు ఉద్యోగికి కొత్త. ఒకే రెజిమెంటులో ఒకే ర్యాంకుతో ఒకే సర్వీసు చేసిన ఇద్దరికి వేర్వేరు బ్యాంకుల్లో వేర్వేరు మొత్తాలు పడ్డాయంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. మా నాన్నగారికి ఒక సవరణ వర్తింపజేయకుండా వదిలేసిన బ్యాంకు బ్రాంచిలో, ఆ సర్క్యులరు కాపీ మేమే తీసుకెళ్లి చూపించవలసి వచ్చింది. ఎక్కువ వేశామని తర్వాత గుర్తించి, చెప్పాపెట్టకుండా నెలనెలా కోత వేసిన సందర్భాలు అంతకన్నా బాధాకరమైనవి.

ఆ పాత పద్ధతి బలహీనత 'ఒకే ర్యాంకు ఒకే పింఛను' వచ్చినప్పుడు పూర్తిగా బయటపడింది. ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకులో ఒకే సర్వీసు చేసినవారికి ఒకే పింఛను ఇవ్వాలనే, మాజీ సైనికులు ఓరోప్ అని పిలిచే ఈ విధానం కథ తెలియకుండా స్పర్శ్‌ను సమీక్షించలేం, ఎందుకంటే ఈ సేవ ఈ రోజు మోస్తున్న అతి పెద్ద బరువు అదే.

జవాన్లలో ఎక్కువమంది నలభై ఏళ్లకు అటూ ఇటుగా యూనిఫాం విప్పేస్తారు. అరవై ఏళ్లదాకా కొలువు చేసే పౌర ఉద్యోగి అందుకునే తర్వాతి వేతన సంఘాల జీతాలేవీ వారికి అందవు. 1973కు ముందు జవానుకు చివరి జీతంలో 70 శాతం పింఛనుగా వచ్చేదనీ, మూడో వేతన సంఘం తర్వాత అది 50 శాతానికి పడిపోయిందనీ మాజీ సైనికుల సంఘాలు దశాబ్దాలుగా చెబుతూ వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన ప్రతి వేతన సంఘంతోనూ ముందు రిటైరైన హవల్దారుకూ, ఆలస్యంగా రిటైరైన హవల్దారుకూ మధ్య దూరం పెరుగుతూనే పోయింది. భగత్‌సింగ్ కోశ్యారీ అధ్యక్షుడిగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2011 డిసెంబరులో ఈ కోరికను సమర్థించింది. 2013 సెప్టెంబరులో రేవాడీలో జరిగిన మాజీ సైనికుల సభలో నరేంద్ర మోదీ ఈ అంశాన్ని ఎత్తుకున్నారు. 2014 ఫిబ్రవరి 17న మధ్యంతర బడ్జెట్టులో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం సూత్రప్రాయంగా ఒప్పుకుని 500 కోట్ల రూపాయలు కేటాయించారు. తర్వాత ఎదురైన అసలు ఖర్చుతో పోలిస్తే ఆ మొత్తం ఏమాత్రం చాలనిది. ఒక ఎన్నికల ముందు ఒక పార్టీ మాట ఇచ్చింది, ఇంకో పార్టీ డబ్బు ప్రకటించింది. పింఛను మాత్రం ఒక్క రూపాయి పెరగలేదు.

2015 జూన్ 15న జంతర్‌మంతర్ వద్ద మాజీ సైనికులు నిరసనకు కూర్చున్నారు. ఆగస్టు 14న, అంటే స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు రోజు, పోలీసులు వారిని అక్కడి నుంచి తొలగించడానికి ప్రయత్నించిన దృశ్యాలు దేశమంతా చూసింది. పతకాలు పెట్టుకున్న ముసలి సైనికుల చొక్కాలు పట్టి లాగడం చూసిన మా నాన్నగారు ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సెప్టెంబరు 5న అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ ఓరోప్‌ను ప్రకటించారు. నవంబరు 7న ఉత్తర్వులు వెలువడ్డాయి.

ఆ ఉత్తర్వుల్లో ప్రతి షరతూ ఒక రాజకీయ నిర్ణయమే, ప్రతిదానికీ రూపాయల్లో విలువ ఉంది. 2013లో రిటైరైనవారి కనిష్ఠ, గరిష్ఠ పింఛన్ల సగటును ప్రాతిపదికగా తీసుకున్నారు. మాజీ సైనికులు గరిష్ఠాన్ని తీసుకోవాలన్నారు. అమలు తేదీని 2014 జూలై 1గా నిర్ణయించారు. వారు ఏప్రిల్ 1 కావాలన్నారు. సవరణ అయిదేళ్లకోసారి అన్నారు. వారు ఏటా జరగాలన్నారు. బకాయిలను నాలుగు అర్ధవార్షిక విడతలుగా ఇస్తామనీ, భర్తలను పోగొట్టుకున్నవారికి మాత్రం ఒకే విడతలో ఇస్తామనీ ప్రకటించారు. ఉత్తర్వు తేదీ తర్వాత సొంత కోరికపై ముందుగా సర్వీసు వదిలేవారికి ఇది వర్తించదన్నారు. ఈ విధానంలో ఎదురయ్యే లోపాలను పరిశీలించే బాధ్యతను మన తెలుగువారు, పట్నా హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డికి అప్పగించారు. ఆయన ఏకసభ్య కమిటీ 2016 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. ఏటా సవరణ కావాలన్న కోరిక మాత్రం తీరలేదు.

ఈ నిర్ణయాలన్నీ పట్టికల రూపంలో 2016 ఫిబ్రవరి నాటి 555వ సర్క్యులరుగా వచ్చాయి. మాజీ సైనికులు ఇద్దరు కలిస్తే చాలు, ఇప్పటికీ ఆ నంబరు వినిపిస్తుంది. ర్యాంకు, గ్రూపు, సర్వీసు ఏళ్లను బట్టి సరైన పట్టికలో సరైన గడి వెతికి, లక్షల ఖాతాలకు వర్తింపజేయవలసిన పని మళ్లీ బ్యాంకుల మీదే పడింది. సగం ఏడాది సర్వీసు తేడా పట్టించుకోకపోయినా, గ్రూపు తప్పుగా నమోదైనా మనిషి పక్క గడిలోకి పోతాడు. కొందరు ఆ తప్పుతోనే ఏళ్లు గడిపారు, తప్పు ఉందని తెలియకుండానే కొందరు పోయారు.

స్పర్శ్ ఈ గొలుసులో బ్యాంకు లెక్కను తీసేసింది. దీని మొదటి, అతి ముఖ్యమైన మేలు ఇదే. త్రివిధ దళాల పింఛన్లు ఇప్పుడు ఒకే చోట లెక్క అవుతున్నాయి. ర్యాంకు, సర్వీసు, మూల పింఛను, కరువు భత్యం, కమ్యుటేషన్ కోత (రిటైరైనప్పుడు ముందే ఒకేసారి తీసుకున్న పింఛను భాగానికి నెలనెలా పడే కోత) విడివిడిగా కనిపించే స్లిప్పును పింఛనుదారే తెరిచి చూసుకోవచ్చు. ఇదివరకు పాస్‌బుక్కులో ఒకే ఒక అంకె పడేది, అది ఎలా వచ్చిందో చెప్పే నాథుడు ఉండేవాడు కాదు. తన మూల పింఛను ఎంతో, అందులో ఏది కోతో మా నాన్నగారు తొలిసారి స్పష్టంగా చదివింది ఈ స్లిప్పులోనే. ఫిర్యాదు పెడితే నంబరు వస్తుంది, అది ఏ దశలో ఉందో తెలుస్తుంది. 2024 జూలై 1 నుంచి వర్తించే ఓరోప్ సవరణకు ఉత్తర్వులు అదే ఏడాది వచ్చాయి. ఆ సర్క్యులరు పట్టుకుని బ్రాంచి చుట్టూ తిరగవలసిన అవసరం మా ఊళ్లో ఎవరికీ కలగలేదు. 2016తో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు.

ఇక లోపాల సంగతి. 2022 ఏప్రిల్ నెల పింఛను స్పర్శ్‌లోకి మారినవారిలో 58,275 మందికి నెలాఖరుకు పడలేదు. కారణం రక్షణ శాఖే వివరించింది. అప్పటికి 4.47 లక్షల మంది ఇందులోకి మారగా, వారిలో చాలామంది వార్షిక గుర్తింపు వివరాలు, అంటే లైఫ్ సర్టిఫికెట్ సమాచారం, బ్యాంకుల నుంచి కొత్త వ్యవస్థకు సకాలంలో చేరలేదు. దేశమంతా గగ్గోలు పుట్టాక, మే 25 దాకా ప్రత్యేక మినహాయింపు ఇచ్చి డబ్బు వేశారు. కొద్ది రోజుల ఆలస్యమే కదా అనిపించవచ్చు. కానీ ఆ నెల మందులు, పాల బిల్లు, మనవడి ఫీజు ఆ ఒక్క జమ మీదే ఆధారపడిన ఇళ్లు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. 'బతికి ఉన్నట్టు రుజువు లేదు' అనే కారణంతో పింఛను ఆగిపోవడం ఆ మనుషులకు డబ్బు సమస్య మాత్రమే కాదు, అవమానం కూడా.

పాత బ్యాంకు వివరాలు పూర్తిగా సరిచూసుకునేదాకా ఆ పింఛన్లను పాత పద్ధతిలోనే కొనసాగించి ఉండవచ్చు. రెండు వ్యవస్థలనూ కొన్నాళ్లు పక్కపక్కనే నడిపి ఉండవచ్చు. అలా చేయకుండా మార్పిడికి గడువులు పెట్టినప్పుడు, గడువు తప్పితే నష్టపోయేది అధికారి కాదనీ, పింఛనుదారనీ ముందే ఆలోచించవలసింది. ఒక పథకం ప్రారంభోత్సవానికి తేదీ ఉంటుంది, దానికి మంత్రి వస్తారు. రికార్డులు సరిదిద్దే పనికి అలాంటి తేదీ ఉండదు, దానికి ఎవరూ రారు. ఆ రెండో పనికి కావలసినంతమంది మనుషులనూ, సమయాన్నీ కేటాయించాలని నిర్ణయించగలిగేది మాత్రం ప్రభుత్వంలో పైన ఉన్నవారే.

రికార్డుల సమస్య తెలుగు ఇళ్లలో ప్రత్యేకమైన రూపం తీసుకుంటుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఉత్తరాది క్లర్కు నలభై ఏళ్ల కిందట రాసిన సర్వీసు రికార్డులో అది ఒక్క అక్షరంగా మిగిలి ఉంటుంది, లేదా పూర్తిగా ఎగిరిపోయి ఉంటుంది. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో సగం, డిశ్చార్జి బుక్కులో ఏమీ లేదు. భార్యల విషయంలో ఇది ఇంకా కష్టం. పెళ్లినాటికి జవాను వయసు ఇరవై రెండో మూడో ఉంటుంది. సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకుని, యూనిట్‌కు తిరిగి వెళ్లాక అక్కడ నోటితో చెప్పిన పేరే పార్ట్-2 ఆర్డరులోకి, అంటే జవాను కుటుంబ వివరాలు నమోదు చేసే యూనిట్ ఉత్తర్వులోకి, ఎక్కింది. పుట్టిన తేదీకి కాగితమే లేని తరం అది. స్పర్శ్‌లోకి మారిన పాత పింఛనుదారులంతా తమ వివరాలను సరిచూసి ధ్రువీకరించవలసి వచ్చినప్పుడు ఈ తేడాలన్నీ ఒక్కసారిగా పైకి వచ్చాయి.

మా వీధిలోని ఒక మామ్మగారిదీ ఇదే కథ. ఆవిడ భర్త 1971 యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నవారు. పీపీఓలో ఆవిడ ముద్దుపేరు ఉంది, ఆధార్‌లో అసలు పేరు ఉంది. "ఆయన నన్ను పిలిచే పేరే రాయించారమ్మా, దాన్ని తప్పంటే నేనేం చెప్పను?" అని ఆవిడ అడిగితే నా దగ్గర సమాధానం లేదు. మా ప్రాంతంలోని ఒక సేవాకేంద్రంలో ఆవిడ లైఫ్ సర్టిఫికెట్ నమోదు చేసినప్పుడు, చెల్లింపు సంస్థ దగ్గర స్పర్శ్‌ను ఎంచుకోకుండా పాత బ్యాంకు పేరే ఎంచుకున్నారు. వేలిముద్ర పడింది, రసీదు వచ్చింది, రుసుము తీసుకున్నారు. ఆ సర్టిఫికెట్ మాత్రం చేరవలసిన చోటికి చేరలేదు. ఆ సంగతి ఆవిడకు తెలిసింది పింఛను ఆగిన తర్వాతే.

పుట్టిన తేదీ తప్పుంటే నష్టం ఇంకా లోతైనది. ఎనభై ఏళ్లు నిండినవారికి మూల పింఛను మీద 20 శాతం, ఎనభై అయిదుకు 30, తొంభైకి 40, తొంభై అయిదుకు 50, నూరేళ్లకు 100 శాతం అదనంగా రావాలి. ఫ్యామిలీ పింఛనుకు కూడా ఇది వర్తిస్తుంది. రికార్డులో తేదీ సరిగ్గా ఉంటే వ్యవస్థే దానంతట అది అదనపు మొత్తాన్ని మొదలుపెడుతుంది. తేదీ లేకపోయినా, పదేళ్లు తక్కువగా నమోదైనా అది మొదలవదు. అడగవలసినదేమిటో తెలియని మనిషి దాన్ని అడగనూ అడగదు. ఇంత పెద్ద వ్యవస్థను నిర్మించినవారికి, భర్త పుట్టిన తేదీ ఉండి భార్యది లేని ప్రతి ఖాతానూ వెతికి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మనిషిని పంపి సరిచేయించడం పెద్ద పనేమీ కాదు. నా దృష్టిలో స్పర్శ్‌కు ఇప్పుడు అన్నిటికంటే ముందు కావలసినది ఇదే.

అరిగిపోయిన వేలిముద్రల సంగతి కూడా చెప్పాలి. సైన్యం నుంచి వచ్చి ఇరవై ముప్ఫై ఏళ్లు పొలం పని చేసిన చేతులకు వేలిముద్రల యంత్రం స్పందించదు. ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపి గుర్తింపు ఇచ్చే సదుపాయం వచ్చాక ఈ కష్టం చాలావరకు తీరింది. ఇంట్లో మంచం మీద ఉన్నవారికి కూడా మనవడి ఫోనుతో పని అయిపోతోంది. ఈ మార్పును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

ఇప్పుడు బకాయిల విషయానికి వస్తాను. మొదటి అయిదేళ్ల గడువు ప్రకారం ఓరోప్ సవరణ 2019 జూలై 1న జరగాలి. జరగలేదు. ఓరోప్ అమలు తీరును సవాలు చేస్తూ మాజీ సైనికుల ఉద్యమ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2022 మార్చి 16న తీర్పు ఇచ్చింది. అది ప్రభుత్వ విధాన నిర్ణయమనీ, అందులో రాజ్యాంగపరమైన దోషం లేదనీ తేల్చింది. కానీ 2019 జూలై 1 నుంచి సవరణ చేసి మూడు నెలల్లో బకాయిలు చెల్లించమని ఆదేశించింది. కేంద్ర మంత్రివర్గం ఆమోదం 2022 డిసెంబరు 23న వచ్చింది. 25.13 లక్షల మందికి లబ్ధి అనీ, బకాయిలు 23,638 కోట్ల రూపాయలనీ అప్పుడు ప్రకటించారు. 2023 జనవరి 20న రక్షణ శాఖ ఆ బకాయిలను నాలుగు విడతలుగా ఇస్తామని లేఖ ఇచ్చింది. కోర్టు పెట్టిన గడువును శాఖ తనంతట తాను మార్చుకోవడమేమిటని సుప్రీంకోర్టు గట్టిగా నిలదీసింది. ఈలోగా 4 లక్షల మంది పింఛనుదారులు చనిపోయారని మాజీ సైనికుల తరఫు న్యాయవాది కోర్టు దృష్టికి తెచ్చారు. చివరికి మార్చి 20న కోర్టే వరుస నిర్ణయించింది. ఫ్యామిలీ పింఛనుదారులకు, శౌర్య పతకాలు పొందినవారికి ఏప్రిల్ 30లోగా, డెబ్బై ఏళ్లు దాటినవారికి జూన్ 30లోగా, మిగిలినవారికి 2024 ఫిబ్రవరి 28లోగా మూడు సమాన విడతల్లో ఇవ్వాలని చెప్పింది.

ఈ వ్యవహారంలో లోపం సాఫ్ట్‌వేరుది కాదు. స్పర్శ్ చేతికి పట్టిక అందితే అది లెక్కకట్టగలదు. 2019లో చేయవలసిన సవరణను కోర్టు చెప్పేదాకా చేయకపోవడం, ఆ తర్వాత కూడా చెల్లింపును సాగదీయడం పూర్తిగా ప్రభుత్వ నిర్ణయాలు. బకాయి మొత్తం పెద్దదైనకొద్దీ ఒకేసారి ఇవ్వడం ఖజానాకు భారమన్న మాట నిజమే. కానీ సవరణ గడువు ఏ రోజున వస్తుందో అయిదేళ్ల ముందే తెలిసిన ప్రభుత్వానికి దానికి బడ్జెట్టులో చోటు చూపించుకునే వ్యవధి ఉంది. ఆ నాలుగున్నరేళ్లలో పోయినవారి వాటా వారసులకు చేరిందో లేదో చెప్పే నివేదికను కూడా ప్రభుత్వం బహిరంగంగా ఉంచాలి.

2019 నాటి ఈ ఓరోప్ సవరణ ఆలస్యంగా అమలయ్యాక 2023లో జవాన్లు, జేసీఓలు (సుబేదారు వంటి జూనియర్ కమిషన్డ్ అధికారులు) మళ్లీ జంతర్‌మంతర్ చేరారు. వారి అభ్యంతరాల్లో మిలిటరీ సర్వీస్ పే గురించినది నాకు చాలా న్యాయంగా తోస్తుంది. ఏడో వేతన సంఘం తర్వాత ఇది అధికారులకు నెలకు 15,500 రూపాయలు. సిపాయి నుంచి సుబేదార్ మేజర్ దాకా అందరికీ 5,200 రూపాయలే. సైనిక జీవితంలోని కష్టాలకు, అనిశ్చితికి పరిహారంగా ఇచ్చే ఈ మొత్తం పింఛను లెక్కలో కూడా కలుస్తుంది. కాబట్టి ఆ తేడా జీవితాంతం వెంటాడుతుంది, చనిపోయాక ఫ్యామిలీ పింఛనులోకి కూడా వెళ్తుంది. సియాచిన్‌లో చలి ర్యాంకు చూసి తగ్గదని మా నాన్నగారి తోటి సుబేదారుగారు అన్నమాటకు ఏ శాఖ దగ్గరా సరైన జవాబు నాకు కనబడలేదు. స్పర్శ్ స్లిప్పు ఈ అంకెలను నిజాయితీగా చూపిస్తుంది. ఆ అంకెలను మార్చే అధికారం దానికి లేదు.

సేవ నాణ్యతను డబ్బు కోణంలోంచి చూసేవారు కూడా ఉన్నారు. 2025-26 బడ్జెట్టులో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయిస్తే, అందులో పింఛన్లకే 1,60,795 కోట్లు పోయాయి. ఆయుధాలకూ, ఆధునికీకరణకూ డబ్బు మిగలడం లేదన్న వాదన ఇలాంటి అంకెల నుంచే పుడుతుంది. ఆ వాదన వినిపిస్తున్న రోజుల్లోనే 2022 జూన్ 14న సైన్యంలో కొత్త నియామకాల పథకం అగ్నిపథ్ ప్రకటన వచ్చింది. ఈ పథకంలో సర్వీసు నాలుగేళ్లు. గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. మిగిలినవారికి సేవానిధిగా సుమారు 11.71 లక్షల రూపాయలు ఇచ్చి పంపిస్తారు. వారికి పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, మాజీ సైనికుల వైద్య పథకం లేదు. మూడు రోజులకే, జూన్ 17న సికింద్రాబాద్ రైల్వేస్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఆ హింసను నేను సమర్థించను. కానీ పరుగు పందేలు ముగించి, వైద్య పరీక్షలు దాటి, కోవిడ్ కారణంగా ఆగిన రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లకు, వారు ఆశపడిన కొలువే మారిపోయిందని ఒక్క ప్రకటనతో చెప్పిన తీరును కూడా సమర్థించలేను.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అని పిలుస్తారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లడం అక్కడి ఆనవాయితీ. అలాంటి ఊళ్లలో తాతకు స్పర్శ్ ఖాతా ఉంటుంది, తండ్రికి ఉంటుంది, మనవడికి ఉండదు. మొదటి అగ్నివీరుల విడత శిక్షణలో చేరింది 2022 చివర, 2023 మొదట్లో. అంటే 2026 చివర, 2027 మొదట్లో వారి నాలుగేళ్లు పూర్తవుతాయి. వారిని కేంద్ర సాయుధ పోలీసు దళాల్లోనూ, రాష్ట్రాల పోలీసుల్లోనూ తీసుకుంటామన్న హామీలు ఎంతవరకు నిలబడతాయో అప్పుడు తేలుతుంది. పింఛనుదారుల సంఖ్య తగ్గితే ఈ సేవ మీద భారం తగ్గుతుందన్న లెక్కతో నేను సంతోషించలేను.

ఇంతా చెప్పాక, స్పర్శ్ వాడేవారికి ఉపయోగపడే నాలుగు మాటలు చెప్పాలి. లైఫ్ సర్టిఫికెట్ అంటే నవంబరు అన్న పాత అలవాటు మీద ఆధారపడవద్దు. మీ గడువు తేదీ మీ ఖాతాలోనే కనిపిస్తుంది, దాన్ని చూసి ముందే చేయించండి. జీవన్ ప్రమాణ్‌లో మంజూరు అధికారి, చెల్లింపు సంస్థ అని అడిగే రెండు చోట్లా రక్షణ శాఖ, స్పర్శ్ అని ఉన్న వాటినే ఎంచుకున్నారా లేదా అని పక్కన నిలబడి చూడండి. పాత బ్యాంకు పేరు ఎంచుకుంటే ఆ సర్టిఫికెట్ వృథా. స్లిప్పులో ర్యాంకు, గ్రూపు, అర్హతా సర్వీసు డిశ్చార్జి బుక్కుతో సరిపోతున్నాయో లేదో ఒక్కసారి కూర్చుని చూసుకోండి. బ్యాంకు కాలంలో జరిగిన తప్పు స్పర్శ్‌లోకి కూడా యథాతథంగా వచ్చి ఉండవచ్చు. పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. పింఛను ఆగిపోతుందని భయపెట్టి ఫోను చేసేవారి బారిన పడుతున్నది ఎక్కువగా ఈ వయసువాళ్లే.

అన్నిటికంటే ముందు, పింఛనుదారు బతికి ఉండగానే భార్య పేరు, పుట్టిన తేదీ, ఆధార్, ఉమ్మడి ఫోటో రికార్డులో సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తేడా ఉంటే రికార్డు ఆఫీసుకు ఆయన సంతకంతోనే దరఖాస్తు పంపాలి. ఆయన సంతకంతో తేలిగ్గా అయ్యే ఆ దిద్దుబాటుకు, ఆయన పోయిన తర్వాత ఆవిడ అఫిడవిట్లు, తహశీల్దారు ధ్రువపత్రాలు, సాక్షులు పట్టుకుని తిరగవలసి వస్తుంది. ఓరోప్ తర్వాతి సవరణ 2029 జూలై 1న రావాలి. అప్పటిలోగా ప్రతి జిల్లాలోనూ సైనిక సంక్షేమ కార్యాలయానికి మనుషులను, వాహనాన్ని, నిధులను ఇచ్చి, ఇంటింటికీ వెళ్లి ఈ వివరాలు సరిచేయించాలని రక్షణ శాఖనూ, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరుతున్నాను.